నారాలో చివరి కార్తీక సోమవారం

నవంబర్ 17, సోమవారం ఉదయం: కోఫుకుజీ

కార్తీక మాసంలో జపాన్ ప్రయాణమంటే మా వదిన మొదట ససేమిరా అన్నారు. సోమవారాలు ఉపవాసం, చుక్క కనబడ్డాకే భోజనం, నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టకపోవడం ఆమె పద్ధతి. చేపను ఎండబెట్టి, తురిమి, ఆ రసంతోనే పులుసు దగ్గర నుంచి కూర దాకా వండుకునే దేశంలో ఇదంతా ఎలా సాగుతుందని ఆమె బెంగ. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోనులో నచ్చజెప్పింది. "ఆకులు ఎర్రబడేది ఇప్పుడే అత్తయ్యా. పైగా ఇక్కడ ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. విజయవాడలో కంటే ముందే మీకు చుక్క కనిపిస్తుంది." ఆ రెండో మాట పనిచేసింది.

నారాకు వచ్చేవాళ్ళలో చాలామంది పొద్దున్నే క్యోటో నుంచో ఒసాకా నుంచో దిగి, జింకలకు బిస్కెట్లు పెట్టి, పెద్ద బుద్ధుణ్ణి చూసి, మధ్యాహ్నం రైలుకు తిరిగి వెళ్ళిపోతారు. అది ఈ ఊరికి చేసే అన్యాయం. మా వదిన మోకాలు నాలుగు వందల అడుగులకోసారి కూర్చోమంటుంది కాబట్టి మేము ఆ తప్పు చేయలేకపోయాం. ఊళ్ళోనే బస తీసుకున్నాం. గుళ్ళూ, తోటలూ, పార్కూ అన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఎక్కడ కూర్చున్నా ఎదురుగా చూడదగ్గది ఏదో ఒకటి ఉంటుంది.

కోఫుకుజీ అనే బౌద్ధ గుడి ఐదంతస్తుల గోపురం 1426 నాటిది, 50 మీటర్ల ఎత్తు. ఊరి బొమ్మల కార్డులన్నింటి మీదా అదే కనిపిస్తుంది. ప్రస్తుతం మరమ్మతులు జరుగుతున్నాయి. పరంజా తప్ప చూడటానికి ఏమీ లేదు. దాంతో నేరుగా పక్కనున్న ప్రదర్శనశాలలోకి వెళ్ళాం. అక్కడే పూట గడిచిపోయింది.

లోపల మూడు ముఖాలు, ఆరు చేతులతో ఒక అసురుడు ఉన్నాడు. క్రీ.శ. 734లో కోమ్యో మహారాణి తన తల్లి జ్ఞాపకార్థం చేయించిన విగ్రహాల్లో ఒకటి. నార గుడ్డల మీద లక్క పూతలు వేసి, లోపల డొల్లగా ఉంచిన పని. అందుకే బరువు చాలా తక్కువ. గుడికి నిప్పంటుకున్నప్పుడల్లా ఎత్తుకుని బయటికి పరుగెత్తగలిగారు కాబట్టే ఇన్నాళ్ళు మిగిలింది. "అసురుడంటే కోరలు లేవేం?" అన్నారు వదిన. నిజమే, కోరలూ లేవు, మీసాలూ లేవు. పన్నెండు పదమూడేళ్ళ కుర్రవాడు తప్పు చేసి, ఆ సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా అని కనుబొమలు ముడిచినట్టు ఉంటుంది ఆ ముఖం. పక్కన గరుత్మంతుడు, నిజంగానే పక్షి ముక్కుతో. గంధర్వుడు సింహం తల ఉన్న కిరీటంతో. ఇంకోవైపు బుద్ధుడి శిష్యులు: శారిపుత్రుడు, రాహులుడు, సుభూతి. పేర్లన్నీ మనవి, ముఖాలన్నీ ఆ దేశపువి. వదిన ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పలకలో నేను చదివి చెప్పిన పేరు విని, తలూపి ముందుకు కదిలారు. పెళ్ళిలో దూరపు చుట్టాల్ని పరిచయం చేసినప్పుడు కూడా ఆమె అలాగే తలూపుతారు.

బయటికి రాగానే పసుపు టోపీల బడిపిల్లలు నలుగురు చుట్టుముట్టారు. చేతుల్లో అట్టలు, వాటికి క్లిప్పు పెట్టిన ప్రశ్నల కాగితాలు. విదేశీయులను పలకరించి ఇంగ్లీషులో మాట్లాడి రమ్మని పంపుతారట మేష్టర్లు. ఏ దేశం, పేరేమిటి అన్నవి అయ్యాక మూడో ప్రశ్న వచ్చింది: జపాన్ వంటల్లో మీకు ఏది ఇష్టం? వదిన నవ్వి, "ఈ రోజు నేనేమీ తినను" అన్నారు. నేను ఇంగ్లీషులోకి మార్చాను. పిల్లలు గాభరా పడ్డారు. ఒకమ్మాయి తన పొట్ట పట్టుకుని చూపించి, నొప్పా అన్నట్టు ముఖం పెట్టింది. కాదని, దేవుడి కోసమని చెప్పాను. నలుగురూ తలలు దగ్గర పెట్టి చర్చించుకుని కాగితం మీద చాలాసేపు ఏదో రాశారు. వెళ్ళేముందు కాగితంతో మడిచిన కొంగను వదిన చేతిలో పెట్టి, నడుములు వంచి దణ్ణం పెట్టారు.

మధ్యాహ్నం: యోషికిఎన్, జింకలు

యోషికిఎన్ తోటకు టికెట్టు లేదు. ఊరికే చూడనిస్తున్నారంటే ఏముంటుందిలే అనుకునేవాళ్ళే ఎక్కువేమో, జనం పలచగా ఉన్నారు. మూడు భాగాలు: చెరువు తోట, నాచు తోట, టీ వేడుకకు కావలసిన పూల తోట. నాచు తోట దగ్గర మేము గంటకు పైగా కూర్చున్నాం. నేలంతా మందమైన పచ్చటి నాచు, దాని మీద అప్పుడే రాలిన మేపుల్ ఆకులు. వాటిని ఊడ్చే మనిషి అన్నీ ఊడ్చేయడం లేదు. కొన్ని ఏరి తీసేస్తున్నాడు, కొన్ని అలాగే వదిలేస్తున్నాడు. ఏ లెక్కన అన్నది నాకు అంతుపట్టలేదు. ఎండిపోయి నల్లబడ్డవి తీసేస్తున్నాడని వదిన కనిపెట్టారు.

పార్కులో జింకలు 1,300కు పైగానే ఉన్నాయి. ఇక్కడి కసుగ ఆలయపు దేవుడు తెల్ల జింక నెక్కి ఈ ఊరికి వచ్చాడని కథ. అందుకే వాటికి ఇక్కడ దైవదూతల హోదా. ఇవి ఎవరి పెంపుడు జంతువులూ కావు, అడవి జంతువులే. పగలు పచ్చికలో, రోడ్ల మీద, గుడి మెట్ల మీద తిరుగుతాయి. అక్టోబరులో మగవాటి కొమ్ములు కోసే వేడుక 1672 నుంచి ఉంది. కొమ్ములు లేకపోయినా ఈ కాలంలో మగవి చిరాగ్గా ఉంటాయి, దగ్గరికి పోవద్దని బొమ్మలతో బోర్డులు పెట్టారు.

వదిన స్వెట్టర్ మీద నుంచి వేసుకున్న పైట కొంగు మీద ఒక ఆడ జింకకు మనసైంది. బిస్కెట్లు అమ్మే ముసలమ్మ దగ్గర మేము చిల్లర వెతుక్కుంటుండగా వెనక నుంచి వచ్చి, కొంగు అంచు నోట కరచుకుని నమలడం మొదలుపెట్టింది. "ఛీ, వదులు! వెంకటగిరి చీర!" అని వదిన తెలుగులో గదమాయించారు. జింక వదల్లేదు. ముసలమ్మ అమ్మే పని ఆపి, బల్ల వెనక నుంచి వచ్చి, జపనీసులో ఒకే ఒక్క మాట అంది. వదిలేసింది. ఆ బిస్కెట్లు తవుడు, పిండి కలిపి చేసినవి, చక్కెర ఉండదు. చుట్టిన కాగితం పట్టీ కూడా జింక తిన్నా ఫరవాలేని రకం. ముందు తలొంచి నమస్కారం చేస్తాయి, ఆలస్యమైతే నడుము మీద కొరుకుతాయి. ఉపవాసం ఉన్న మనిషి చేత్తో పెడితే పుణ్యం ఎక్కువని వదిన మొత్తం కట్ట తనే పంచారు.

పార్కులో చెట్లను గమనిస్తే ఒక వింత తెలుస్తుంది. కింది కొమ్మల ఆకులన్నీ ఒకే ఎత్తున కత్తిరించినట్టుంటాయి. జింక మెడ చాచితే అందేంత వరకు తినేస్తుంది, ఆ పైన చెట్టుది. ఎర్రగా మండిపోతున్న చెట్లలో చాలావరకు మేపుల్ కావు, చైనా నుంచి తెచ్చి నాటిన ఒక జాతి. దాని ఆకు జింకలకు రుచించదు. దాంతో అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోయింది. మేము నోరు తెరుచుకుని చూసిన ఎరుపులో సగం జింకల నాలుక చలవే.

తోదైజీ

పెద్ద బుద్ధుడున్న గుడి ఇదే. దక్షిణ ద్వారం 1199 నాటిది. లోపల రెండు వైపులా 8 మీటర్లకు పైగా ఎత్తున్న కొయ్య ద్వారపాలకులు. ఇద్దరినీ కలిపి 1203లో 69 రోజుల్లో పూర్తి చేశారంటే నమ్మడం కష్టం. మందిరం లోపలికి 800 యెన్, మన లెక్కలో 450 రూపాయల పైమాట. ఇంత ఖర్చు పెట్టాక ఎవరైనా పది నిమిషాల్లో బయటికి ఎలా వస్తారో నాకు తెలియదు.

దాదాపు 15 మీటర్ల కంచు బుద్ధుడు, పేరు వైరోచనుడు. ఈయనకు 752లో నేత్రోన్మీలనం చేసింది మనవాడు. దక్షిణ భారతం నుంచి చైనా మీదుగా 736లో నారా చేరిన బోధిసేనుడనే సన్యాసి. బ్రాహ్మణ ఆచార్యుడని ఇక్కడివాళ్ళు పిలిచేవారు. కుంచె పట్టుకుని కనుపాపలు దిద్దింది ఆయనైతే, ఆ కుంచెకు పొడవాటి నీలం పట్టు తాడు కట్టి, దాన్ని కింద మాజీ చక్రవర్తి దగ్గర నుంచి అందరూ పట్టుకున్నారు, ఆ పుణ్యంలో భాగం దక్కాలని. ఆ కుంచె, ఆ తాడు ఈ గుడి ఆవరణలోనే షోసోఇన్ అనే కొయ్య భాండాగారంలో పన్నెండు వందల ఏళ్ళు భద్రంగా ఉన్నాయి. 1180 యుద్ధంలో గుడి తగలబడ్డాక, 1185లో విగ్రహానికి మళ్ళీ కళ్ళు దిద్దడానికి అదే కుంచె బయటికి తీశారు.

"అయితే మనవాడు దిద్దిన కళ్ళు ఇవేనా?" అన్నారు వదిన. కావు. 1567లో మళ్ళీ మంటలు. ఇప్పుడున్న తల 17వ శతాబ్దం చివరిది, మందిరం 1709లో తిరిగి కట్టింది. అప్పుడు డబ్బు చాలక వెడల్పు 86 మీటర్ల నుంచి 57కు తగ్గించారు. తగ్గించిందే ఇంత ఉంది.

వదినకు కళ్ళ సంగతి నిరాశ కలిగించినా, నేను చెప్పిన మరో సంగతి ఉత్సాహం తెచ్చింది. బోధిసేనుడిది భారద్వాజ గోత్రమని పండితుల మాట. వదిన పుట్టింటివారిది, అంటే నా అత్తింటివారిది, అదే గోత్రం. "నా పుట్టింటి మనిషన్నమాట" అన్నారామె, అక్కడికేదో ఆస్తి పత్రాలు దొరికినట్టు.

బయట వసారాలో కుడిపక్కన ఎర్ర టోపీ, ఎర్ర గుడ్డ కప్పిన ఒక కొయ్య విగ్రహం కూర్చుని ఉంటుంది. బింజురు అంటారు. మనకు నొప్పి ఎక్కడుందో ఆయన ఒంటిమీద అక్కడ రుద్ది, తర్వాత మన ఒంటిమీద రుద్దుకోవాలి. ఈయన అసలు పేరు పిండోల భారద్వాజుడు. పొడుగాటి గడ కొన మీద పెట్టిన చందనపు గిన్నెను గాలిలోకి లేచి అందుకుని నలుగురి ముందూ మహిమ చూపించినందుకు బుద్ధుడు మందలించాడట. ఇక్కడ గుడి లోపల కాకుండా వసారాలో ఉండటానికి కారణం అదేనంటారు. వదిన ఆయన మోకాలు ఓపిగ్గా తడిమి, తన మోకాలు తడుముకుని, "ఈయనా మావాడే. మావాళ్ళకి గొప్పలు చెప్పుకోవడం మొదటి నుంచీ ఉంది" అన్నారు. మా ఆయన ఈ వాక్యం చదువుతారని తెలిసే రాస్తున్నాను.

సాయంత్రం: నిగత్సుదో

తోదైజీ వెనక మట్టి గోడల మధ్య రాతి దారి మెల్లగా పైకి తీసుకెళుతుంది. నారాలో ఒకే ఒక్క దారి నడవగలిగితే అది నడవండి. పైన కొండవాలు మీద నిగత్సుదో అనే మందిరం, పడమటి వైపు చెక్క వసారాతో. టికెట్టు లేదు, తలుపు మూయరు. ఏటా మార్చిలో ఇక్కడ పెద్ద కాగడాలతో చేసే క్రతువు 752లో మొదలై ఒక్క సంవత్సరం కూడా ఆగలేదు. 1667లో ఆ క్రతువు రోజుల్లోనే ఈ మందిరం కాలిపోయింది. రెండేళ్ళలో మళ్ళీ కట్టారు.

పక్కనే విశ్రాంతి గది. వేడి టీ ఉచితం, మనమే పోసుకుని, తాగాక గిన్నె మనమే కడిగి బోర్లించాలి. వదిన లెక్కలో టీ ఉపవాసానికి అడ్డు కాదు.

పొద్దు గుంకుతుంటే వసారా నిండింది, కానీ అరుపులు లేవు. ముందు వరుసలో ఉన్నవాళ్ళు ఫొటో తీసుకుని తమంతట తామే వెనక్కి జరుగుతున్నారు. మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టిన ఒక పెద్దాయన, వదిన ఆకాశంలో దేనికోసమో వెతుకుతున్నారని పసిగట్టి, వాయవ్యం వైపు వేలు చూపించాడు. మసక నీలంలో ఒకే ఒక్క చుక్క. ఫోనులో చూస్తే అది మనవాళ్ళు అభిజిత్తు అనే నక్షత్రం. వదిన చేతులు జోడించారు. సమయం ఇంకా ఐదున్నర కాలేదు.

ఆ తర్వాత తిండి వేట. మా అమ్మాయి జపనీసులో రాసిచ్చిన చీటీలో మాంసం, చేప, గుడ్డు, చేప రసం, ఉల్లి, వెల్లుల్లి వద్దని ఉంది. రెండు హోటళ్ళలో చీటీ చదివి, ఎంతో బాధపడుతూ, తలలు వంచి పంపించేశారు. మూడోది భార్యాభర్తలు నడిపే చిన్నది, ఎనిమిది కుర్చీలు. ఆవిడ చీటీ చదివి, లోపలికి వెళ్ళి భర్తకు చదివి వినిపించి, బయటికి వచ్చి "షోజిన్" అంది. బౌద్ధ సన్యాసుల భోజనం. అందులోనూ ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధమే. అంటే మా కార్తీక నియమం వాళ్ళకు కొత్తేమీ కాదు. నువ్వులతో చేసిన మెత్తటి తోఫు, సముద్రపు నాచు రసంలో ఉడికిన గుమ్మడి ముక్కలు, అన్నం వచ్చాయి. ఊరగాయ పళ్ళెం బల్ల మీద పెట్టబోయి ఆవిడే ఆగి వెనక్కి తీసుకుపోయింది. నారా ఊరగాయను సారా పిప్పిలో ఊరబెడతారు! ఇద్దరికీ కలిపి 3,600 యెన్. టిప్పు ఇవ్వబోతే ఆవిడ వీధి దాకా వెంట వచ్చి తిరిగి ఇచ్చింది.

నవంబర్ 18, మంగళవారం: వనభోజనం, కసుగ

బసలో పొద్దున చాగయు పెట్టారు. కాల్చిన టీ ఆకు కషాయంలో వండిన పల్చటి అన్నం. ఇది ఈ ఊరి పాత పద్ధతి ఫలహారం. వదిన రెండుసార్లు వడ్డించుకున్నారు. నాకు అందులో ఉప్పు రాయి వేస్తే బాగుండుననిపించింది.

సన్జో వీధిలో మోచీ, అంటే జిగురు బియ్యపు ముద్దలు, దంచే దుకాణం ముందు గుంపు. ఇద్దరు మనుషులు రోట్లో పచ్చటి పిండిని కేకలు వేస్తూ దంచుతుంటారు. ఒకడు సుత్తి ఎత్తే లోపల రెండోవాడు చెయ్యి పెట్టి పిండి తిప్పుతాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆ పచ్చదనం మన మాచిపత్రి జాతి ఆకుది. వినాయక చవితి పత్రిలో మొదట చదివే ఆ ఆకును తినవచ్చని మాకు తెలియదు. లోపల ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద, పైన సోయా పిండి. వెచ్చగా ఉన్నప్పుడే తినాలి.

కార్తీకం కదా, వనభోజనం తప్పదన్నారు వదిన. తొబిహినో పచ్చిక బయలులో ఒక ఎర్ర చెట్టు కింద దుప్పటి పరిచాం. కొట్లో కొన్న ఉప్పు అన్నం ముద్దలు, నాలుగు పెర్సిమన్ పళ్ళు 500 యెన్. నారా జిల్లా ఈ పళ్ళకు పేరుపొందింది. మెత్తబడకముందే కోసుకు తింటే కరకరలాడుతుంది, వగరు ఉండదు. ఉసిరి చెట్టు కింద తినాలన్న నియమానికి వదిన పరిష్కారం ముందే ఆలోచించుకున్నారు. ఇంటి నుంచి తెచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసాను చెట్టు మొదట్లో నిలబెట్టి, దానికి దణ్ణం పెట్టి, తర్వాత మూత తీశారు. జింకలు రెండు వచ్చి వాసన చూసి, తుమ్మి, వెళ్ళిపోయాయి. పార్కులో మాకు చెత్తబుట్టలు కనిపించలేదు. ప్లాస్టిక్ తిని జింకలు చచ్చిపోతున్నాయని ఎప్పుడో తీసేశారు. తొక్కలూ కవర్లూ సంచిలో వేసుకుని సాయంత్రం దాకా మోశాం.

కసుగ ఆలయం 768 నాటిది. వెనకనున్న అడవిలో 841 నుంచి చెట్టు కొట్టడం, వేటాడటం నిషేధం. దారి పొడవునా నాచు పట్టిన రాతి దీపస్తంభాలు, లోపల చూరుకు వేలాడే కంచు దీపాలు, అన్నీ కలిపి సుమారు 3,000. అన్నింటినీ వెలిగించేది ఫిబ్రవరిలో, ఆగస్టులో. "కార్తీకంలో వెలిగించకుండా ఎందుకు దాచుకున్నారో" అని వదిన నొచ్చుకున్నారు. లోపల ఒక చీకటి గదిలో మాత్రం కంచు దీపాలు వరసగా వెలుగుతూ ఉంటాయి. ఆ గదిలో నుంచి ఆమెను బయటికి తేవడానికి నాకు చాలాసేపు పట్టింది.

తిరుగు దారిలో జనం తక్కువున్న బాట ఎంచుకున్నారు వదిన. రెండు వైపులా వంకర కాండాల పొదలు కమ్ముకున్న సన్నటి అడవి దారి. ఆ పొద ఆకు విషం, జింకలు ముట్టవు, కాబట్టి అదే రాజ్యమేలుతోంది. స్టేషన్ వైపు కాకుండా అది తకబతకె అనే పాత వీధుల్లో తేల్చింది. మట్టి గోడలు, కాయలు విరగకాసిన పెర్సిమన్ చెట్లు, గేటు ముందు బల్ల మీద కమలాలు, పక్కన డబ్బాలో 100 యెన్ వేయమని చీటీ. అమ్మేవాళ్ళు ఎవరూ లేరు. బస్‌స్టాప్ ఎటని అడిగితే, కుక్కతో నడకకు వచ్చిన ఆవిడ చెప్పి ఊరుకోకుండా కుక్కను వెనక్కి తిప్పుకుని మాతో మలుపు దాకా వచ్చింది.

నవంబర్ 19, బుధవారం: రియోసెన్‌జీ

ఊరికి పడమట, యాత్రికులు పెద్దగా రాని గుడి. పుట్టింటి మనిషి సమాధి ఉందని తెలిశాక వదినను ఆపడం ఎవరి తరం? ఈ కొండ, బుద్ధుడు బోధించిన రాజగృహంలోని గృధ్రకూటంలా ఉందని బోధిసేనుడే ఆ పేరు పెట్టాడని గుడివాళ్ళు చెబుతారు. ఆయన 760లో పోయాడు, స్వదేశం తిరిగి రాలేదు. ప్రధాన మందిరం 1283 నాటిది. ఆవరణలో గులాబీ తోట కూడా ఉంది, ఆఖరి పూలు వాడిపోతున్నాయి. బంగారు పూత పూసిన చిన్న మందిరంలో బెంజైతెన్, అంటే మన సరస్వతి.

సమాధి దగ్గర వదిన మూడు ప్రదక్షిణలు చేసి, మిగిలిన పెర్సిమన్ పండు పెట్టారు. తర్వాత హోమంలో వేసే చెక్క పుల్లలు అమ్మే కిటికీ దగ్గరికి వచ్చాం. పుల్ల మీద పేరు, కోరిక రాసిస్తే వాళ్ళు అగ్నిలో వేస్తారు, ఒక్కోటి 300 యెన్. వదిన గోత్రంతో మొదలుపెట్టి, అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు, మనవలు అందరి పేర్లూ తెలుగులో రాసుకుంటూ పోయారు. చోటు చాలక రెండో పుల్ల తీసుకున్నారు. కిటికీలో కుర్రవాడు రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, ఏ కొన పైకి రావాలని సైగతో అడిగాడు. నేను చూపించాను. పెన్సిలుతో బాణం గుర్తు వేసుకుని, మొదటిదాని మీద ఒకటి, రెండోదాని మీద రెండు అని అంకెలు రాసుకుని, 600 యెన్‌కు రసీదు చించి ఇచ్చాడు.